తాళంచెవి పర్వం

మేరువుకు దక్షిణంగా, శ్రీశైలానికి నైరుతిగా, బళ్లారికి ఒక్క బస్సు టికెట్టు దూరంలో, ఆషాఢపు గాలి హగరి ఇసుకను ఎత్తి ఊరి మీద అక్షింతల్లా చల్లే కణేకల్‌లో, ఒకానొక మంగళవారం పొద్దున తొమ్మిదింటికి మా చిన్నమ్మ బీరువా తాళంచెవిని ఎక్కడో పెట్టింది. కావ్యానికి కావలసినవన్నీ ఈ ఒక్క వాక్యంలో ఉన్నాయి: నాయిక ఉంది, పురం ఉంది, ముహూర్తం ఉంది, ఆయుధం ఉంది. తెలియనిదల్లా ఆ ‘ఎక్కడో’ ఎక్కడన్నదే. ఆ మూడక్షరాల కోసం ఆ పూట ఆ ఇంట్లోనూ, అంతకంటే భీకరంగా ఆమె కపాలదుర్గంలోనూ జరిగిన సంగ్రామాన్ని వ్యాసుడు చూడలేదు, గణపతి రాయలేదు. ఆ భారం నా మీద పడింది.

పురవర్ణన లేనిదే కావ్యం అడుగు కదపకూడదని లాక్షణికుల శాసనం కనుక ముందు పురం. పడమటి కనుమలు మేఘాలను అటువైపే పిండేసుకుని, పిండగా మిగిలిన తెల్లటి పీలికలను ఇటు ఆరేస్తే, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాపురం నెట్టుకొచ్చే అనంతపురం జిల్లా ఇది. వేదవతి అనే పరమపవిత్ర నామధేయంతో పుట్టిన నది ఈ సీమకొచ్చేసరికి హగరి అని ముద్దుపేరు పెట్టుకుని, పైన వాణీవిలాస సాగరానికి ఒకసారి, భైరవానితిప్పకు మరోసారి ఉన్న నీళ్లన్నీ సమర్పించుకుని, వట్టి ఇసుకను వెంటబెట్టుకుని వస్తుంది. ఆ ఇసుకను గాలి ఎత్తిపోసీ ఎత్తిపోసీ కణేకల్, బొమ్మనహాళ్ మండలాల్లో చేలకు చేలనే దిబ్బలు చేసింది. తెలియనివాడు చూస్తే రాజస్థానమనుకుని ఒంటె కోసం వెతుకుతాడు. ఆ ఎండుసీమ నడుమ, తుంగభద్ర ఎగువ కాలువ కరుణించినన్నాళ్లు, మా చెరువు సముద్రాన్ని ఎన్నడూ చూడని చిన్న సముద్రంలా అలలు కొట్టి, కట్ట కింద వరిమళ్లను పచ్చపట్టు కట్టిస్తుంది. కాలువ ఆగిందా, పట్టు పోయి పీచు మిగులుతుంది. ఈ కాలువ మాటను చదువరి మనసులో ఒక పక్కన పెట్టుకోవాలి. కవికి దానితో పనుంది.

ఇక ఆయుధం. ఆ తాళంచెవి సామాన్యమా! మూడు తరాల వేళ్ల రాపిడికి అంచులు మెత్తబడి, వెండిలా కనిపించే ఇనుము. పక్కన దొడ్డి తలుపు తాళంచెవి, వెంకన్న బొమ్మ సగం చెరిగిపోయిన రేకుబిళ్ల, ఏ తాళానిదో ఇంట్లో ఎవరికీ తెలియకున్నా పారేసే ధైర్యం ఎవరికీ చాలని ఇంకో ముసలి తాళంచెవి. ఇంత పరివారంతో చిన్నమ్మ నడుముకు దోపుకున్న కొంగున వేలాడుతూ, ఆమె అడుగు తీసి అడుగు వేస్తే గలగల, వంగితే ఘల్లు, కోపంగా వెనక్కి తిరిగితే ఝణఝణ. పట్టపుటేనుగు మెడగంట కూడా అంత ఖచ్చితంగా ప్రభువు చిత్తవృత్తిని చాటదు.

సిలిండరు డబ్బుల కోసం బీరువా తెరిచి, మూసి, గుత్తి చేతిలో పట్టుకుని ఆమె వంటింట్లో కాలుపెట్టిన క్షణాన మూడు సేనలు ఒక్కసారి మీద పడ్డాయి. పొయ్యి మీద పాలు, మందరపర్వతం పెట్టి చిలికినట్టు, నురుగుకిరీటంతో గిన్నె అంచును లంఘించాయి. వీధిలో సిలిండరు బండి దేవదత్తాన్నీ పాంచజన్యాన్నీ కలిపి ఊదినట్టు హారను మోగించింది. ఫోనులో రాయదుర్గం నుంచి చిన్నాయన, “నా ఆధార్ జిరాక్సు యాడ పెట్టినావు?” అని గర్జించాడు. ఎడమచేత్తో పొయ్యి ఆపి, భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపట్టి, నోటితో “వస్తాండా నాయనా” అని వీధికి అభయమిచ్చి, కుడిచేతిలోని గుత్తిని ఆమె దేనిలోనో జారవిడిచింది. మెత్తని చప్పుడొకటి అయింది. మూత పడింది. ఆమె వీధిలోకి దూసుకుపోయింది.

ఆ మెత్తని చప్పుడు చెవి గుండా, ఇనుము చల్లదనం వేలికొసల గుండా, మూత మెరుపు కంటికొస గుండా ముగ్గురు వార్తాహరులై మెదడు లోపలికి పరుగెత్తాయి. పోవలసిన చోటు చెవులకు లోపలగా, పక్కకొకటి చొప్పున, చిటికెన వేలంత వంపు. 16వ శతాబ్దంలో బొలోన్యా వైద్యుడు అరాంజియో దాన్ని చూసి సముద్రపు గుర్రంలా ఉందని హిప్పోక్యాంపస్ అన్నాడు. తర్వాతివాళ్లు అమ్మోన్ దేవుడి తల మీది పొట్టేలు కొమ్మన్నారు. సముద్రం లేని మాకు దాని గుర్రంతో ఏం పని? పొట్టేలే నయం, మందలకు మందలున్నాయి. ఏది ఎక్కడ పెట్టామో, ఎవరు ఎప్పుడు ఏమన్నారో, ఆ రోజు ఎండ ఎలా ఉందో మొదట పద్దు రాసుకునే కచేరీ ఈ పొట్టేలు కొమ్మే.

కొమ్ము లోపల అడవి. గోపురాకారపు నాడీకణాలు బారులు తీరి, ఒక్కొక్కటీ వేల కొమ్మలు చాచి, హగరి గట్టున కంపచెట్ల తోపులా చిక్కగా అల్లుకున్న అడవి. కొమ్మకొమ్మకూ ముళ్లు. ముళ్లన్నది నా అలంకారం కాదు. 1888లో స్పెయిన్ దేశపు రమోన్ ఇ కహాల్ కోడి చిన్నమెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి, కొమ్మల వెంట మొలిచిన ఈ మొటికలను చూసి తన భాషలో ముళ్లనే పేరు పెట్టాడు. ఒక కణం కొస వచ్చి ఇంకో కణం ముల్లు మీద వాలినప్పుడు వార్త చేతులు మారుతుంది. ముల్లు గట్టిపడితే వార్త నిలుస్తుంది. ముల్లు రాలితే వార్త గాలికి.

ఈ ముళ్లవనానికి ఒక మహారాణి ఉంది. ఎస్ట్రాడియోల్! ఈస్ట్రోజన్ కుటుంబంలో పట్టాభిషిక్తురాలు. ఆమె వంశవృక్షం విచిత్రం. మూలపురుషుడు కొలెస్ట్రాల్, డాక్టర్లు పేరెత్తితేనే చిన్నాయన వేరుశనగ చట్నీ గిన్నె దూరం జరిపే ఆ కొలెస్ట్రాలే. తండ్రి టెస్టోస్టిరాన్, మీసకేశవిజృంభణకారణుడు, గండుగొంతు గలవాడు. ఆ వీరాధివీరుడి మీద అరొమటేజ్ అనే ఎంజైము ఇలా చేయి వేయగానే అలా కూతురై లేస్తాడు. ఇంతటి రాణి ఇంటిపేరుకు వైద్యులు వెతికి వెతికి తెచ్చిన మాట గ్రీకు ‘ఓయిస్ట్రోస్’. అంటే జోరీగ. పశువును కుట్టి వెర్రెత్తించే జోరీగ! కావ్యారంభంలో కుకవినింద ఉండాలంటారు, ఆ లోటు ఇక్కడ తీర్చుకుంటున్నాను.

రాణివారి దేహపరిమాణం వింటే చదువరి కళ్లు తిరుగుతాయి. నెల నడుమ, పూర్ణవైభవంతో వెలిగే రోజున, ఒక మిల్లీలీటరు రక్తంలో ఆమె రెండు మూడు వందల పికోగ్రాములు. గ్రామును లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క పికోగ్రాము. ఒంట్లోని నెత్తురంతా వెతికి ఆమెను ఒకచోట పోగేస్తే, ఒక్క రాగి గింజను మూడు వేల తునకలు చేసినప్పటి ఒక తునక. సంగటి ముద్దలో రాలి పడితే పంటికి తెలియదు, చీమకు తెలియదు. 1930లలో అమెరికాలో డోయిసీ అనే ఆచార్యుడు ఆమె దర్శనం కోరి సుమారు నాలుగు టన్నుల పంది అండాశయాలు మథించాడు. పాలసముద్రం చిలికినవారికి ఏనుగూ గుర్రమూ చెట్టూ చంద్రుడూ దక్కాయి. ఈయనకు పన్నెండు మిల్లీగ్రాములు దక్కాయి, నాలుగైదు రాగి గింజలంత.

ఆ తునకంత రాణి ముళ్లవనంలో అడుగుపెడితే ఏమౌతుందో లోకానికి మొదట చెప్పింది ఎలుకలు. బుద్ధిప్రదాత వాహనమే బుద్ధిరహస్యాన్ని మోసుకురావడంలో నాకు వింతేమీ కనిపించదు. 1990లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ గౌల్డ్, కాథరిన్ వూలీ, బ్రూస్ మెక్‌యువన్ బృందం ఆడ ఎలుకల అండాశయాలు తీసి చూస్తే కొమ్ములోని ముళ్లు పలచబడ్డాయి. ఎస్ట్రాడియోల్ ఇస్తే మళ్లీ మొలిచాయి. అంతకంటే అబ్బురం ఇంకోటి. ఎలుక రుతుచక్రం నాలుగైదు రోజులే. అందులో రాణి ఉచ్చస్థితిలో ఉన్న రోజుకూ, ఆమె దిగిపోయిన మరుసటి రోజుకూ మధ్య, ఇరవై నాలుగు గంటల్లో, ముళ్లు నూటికి ముప్పై వంతులు తగ్గిపోయాయి! ఎదిగిన మెదడు గచ్చులా గడ్డకట్టి ఉంటుందని నమ్ముకున్న పండితసభలో అది పిడుగు. గచ్చేమిటి, చెరువు. కాలువ వస్తే నిండుతుంది, పోతే తగ్గుతుంది.

రాణి తానుగా ఒక్క అక్షరం రాయదు. రాసేవాళ్లు వేరే. ఆమె వచ్చి నేలను పదును చేసి, విత్తనం పడితే మొలిచేలా ఉంచి వెళుతుంది. ఆ పదును ఎటువంటిదో చెబుతాను, యుద్ధఘట్టం కనుక చదువరి నడుం బిగించాలి. ముల్లు కొసన ఒక కోటద్వారం ఉంటుంది, ఎన్‌ఎండీఏ గ్రాహకమని దాని పేరు. గుమ్మంలో మెగ్నీషియం అనే ద్వారపాలకుడు బండరాయిలా అడ్డం కూర్చుని ఉంటాడు. అవతలి కణం నుంచి గ్లూటమేటు దూతలు వచ్చి తలుపు తడితే లేవడు. లోపలి నుంచి విద్యుత్తు ఉప్పొంగి వీపు మీద తన్నాలి. తట్టడమూ తన్నడమూ ఒకే క్షణాన కలవాలి, ఇద్దరి దగ్గరున్న రెండు తాళాలూ పడితేనే తెరుచుకునే బ్యాంకు లాకరులాగ. వీధుల్లో గాబా అనే శాంతిభద్రతల దళం లాఠీలతో తిరుగుతూ ఆ విద్యుత్తు పొంగకుండా అణుస్తుంటుంది. రాణి రాగానే దళంలో కొందరి లాఠీలు వాలిపోతాయి. కోటగోడలో ద్వారాల సంఖ్య పెరుగుతుంది. అప్పుడు గ్లూటమేటు బాణవర్షం కురిసిందా, విద్యుత్తు ఎగిసిందా... 2024 ఆగస్టులో ఒక రాత్రి తుంగభద్ర డ్యాము 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినట్టు, మెగ్నీషియం పెళపెళారావంతో లేచిపోతాడు! కాల్షియం వెల్లువ హోరుమని లోపలికి దూకుతుంది! ఆ వెల్లువకు ముల్లు లోపలి యాక్టిన్ పోగులు పెనవేసుకుని, ముల్లు ఉబ్బి, తల పెద్దదై, మెడ బలిసి, నిలబడుతుంది. ఇలా బలపడ్డ సంధి గంటల తరబడి బలంగానే ఉంటుందని 1973లో బ్లిస్, లోమో కుందేళ్ల మెదళ్లలో చూసి రాశారు. డ్యాము గేటుకు తాత్కాలికంగా పలకలు దించడానికి వారం పట్టింది. ద్వారపాలకుడు మాత్రం మరో క్షణానికే, ఏమీ ఎరగనట్టు, గుమ్మంలో ఉంటాడు.

రాణిది రెండు నడకలు. ఒకటి మెరుపునడక: కణం పైపొర మీది గ్రాహకాలను తాకి నిమిషాల్లో పని చక్కబెట్టడం. రెండోది ఏనుగునడక: కణకేంద్రం దాకా వెళ్లి జన్యువుల తాళపత్రాలు విప్పించి కొత్త ప్రొటీన్లు కట్టించడం, దానికి గంటలూ రోజులూ కావాలి.

ఇప్పుడు మళ్లీ మా వంటింటికి. చిన్నమ్మకు నలభై ఎనిమిదేళ్లు. మన దేశంలో నెలసరి ఆగిపోయే వయసు సగటున నలభై ఆరు, నలభై ఏడు. అంటే రాణివారి రాకపోకలు తప్పిన కాలం. రాణి మెల్లగా తగ్గుతూ పోతుందనుకుంటారు, కాదు. ఒక నెల కట్టలు తెంచుకుని వస్తుంది, ఒక నెల ముఖం చూపదు. ‘నీళ్లు వదిలినారంట’ అని కబురు వస్తుంది, పార భుజాన వేసుకుని పోతే తూములో కప్ప ఒక్కటే ఉంటుంది. పైగా రాత్రి మూడుసార్లు ఒళ్లంతా ఆవిర్లు లేచి, చెమటతో మేలుకుని, తెల్లారుజామున కన్నంటిన మనిషి. పగటి ముళ్లు నిద్రలోనే పాతుకుంటాయని కూడా శాస్త్రం. కాబట్టి ఆ మంగళవారం ముగ్గురు వార్తాహరులు వగర్చుకుంటూ వచ్చేసరికి నేల పదును మీద లేదు, ధ్యాస అనే మహామంత్రి సిలిండరు తూకం చూడటానికి వీధిలోకి వెళ్లాడు. దూతలు తట్టారు, ఎవరూ తన్నలేదు. మెగ్నీషియం కదలలేదు. ఒక బక్క ముల్లు తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది.

పదకొండింటికి తాళం లేదన్న సంగతి బయటపడింది. అహో, ఆ అన్వేషణ! చెల్లెలు మంచం కింద దూరి దుమ్ముకొట్టుకుని లేచింది, భూమిని ఎత్తి తెచ్చిన వరాహస్వామిలా, చేతిలో ఎప్పుడో పోయిన చెప్పు ఒకటి. నేను అటక ఎక్కాను. దేవుడి గూట్లో దీపం కుందె కింద చూశారు, పప్పుల సంచిలో చూశారు, వాషింగ్ మిషనులో చూశారు, ఫ్రిజ్జులో చింతపండు పక్కన చూశారు. దొరకనిదాన్ని వెతికితే దొరకరానివన్నీ దొరుకుతాయి: 2016లో రద్దయిన నోటు ఒకటి దొరికింది, చిన్నాయన ఆధార్ జిరాక్సు దొరికింది. తాళాలగుత్తి తప్ప సమస్తమూ దొరికింది. చిన్నమ్మ వంటింటి గడప మీద కూలబడి, “నా మతి యాడికి పోతాందో నాకే తెలీకుండా ఉంది” అంది. గలగలలు లేని ఆ నడుము చూస్తే జెండా దించిన రథంలా ఉంది.

చప్పుడుకు పక్కింటి అక్క గోడ మీదుగా తల పెట్టింది. “నాకు ఆపరేషన్ అయినప్పట్నుంచి ఇంతే వదినా. నూనె కోసం అంగడికి పోయి ఉప్పు తెస్తా.” ఆమెకు ముప్పై ఎనిమిది దాటలేదు. ఇక్కడ నా కావ్యశైలి ఒక్క నిమిషం పక్కన పెడతాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా నూటికి ముగ్గురైతే మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది. గర్భసంచి ఒక్కటే తీస్తే రాణి ఉంటుంది, ఆమె కోట అండాశయాలు కదా. వాటిని కూడా తీశారా లేదా అన్నది చాలామందికి ఎవరూ చెప్పలేదు, అక్కకూ తెలియదు. తీస్తే మాత్రం వంతుల ప్రకారం తగ్గే కాలువ కాదది, ఒక్క పూటలో తెగిన కాలువ. అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు 2007లో రాసిన దాంట్లో, నెలసరి సహజంగా ఆగకముందే అండాశయాలు పోయినవాళ్లకు ముసలితనంలో మతి తగ్గే ముప్పు ఎక్కువగా కనిపించింది. ఎంత చిన్న వయసులో తీస్తే అంత ఎక్కువ.

“దానికి మాత్రలుంటాయంటమ్మా” అంది చెల్లెలు, ఫోను చూస్తూ. ఉన్నాయి. కానీ కథ అంత సుఖాంతం కాదు. అరవై అయిదు దాటిన వేలమంది అమెరికా స్త్రీలకు ఈస్ట్రోజన్‌కు మరో హార్మోను కలిపి ఇచ్చి చూసిన పరీక్షలో, 2003లో తేలింది, మతి బాగుపడలేదు సరికదా మతిభ్రంశం వచ్చిన వాళ్లు రెట్టింపయ్యారు. నిలువునా ఎండిపోయిన పైరుకు మడి నిండా నీళ్లు పెడితే ఏమౌతుందో కట్ట కింద రైతునడగండి, వేరు కుళ్లుతుంది అంటాడు. శాస్త్రజ్ఞుల్లో కొందరూ అదే మాట అన్నారు, అదును తప్పిందని. సరే అని నెలసరి ఆగిన తొలి ఏళ్లలోనే మొదలుపెట్టిన వాళ్లను చూస్తే జ్ఞాపకం చెడనూ లేదు, పెరగనూ లేదు.

అయినా కావ్యమన్నాక ఒక హంస రావాలి. వచ్చింది, అమెరికా నుంచే. హంస అని అర్థమొచ్చే ‘స్వాన్’ పేరుతో నడివయసు స్త్రీలను ఏళ్లకేళ్లు వెంబడించి చూసిన అధ్యయనం అది. ఒకే పరీక్ష మళ్లీ మళ్లీ పెడితే ఎవరికైనా మార్కులు పెరగాలి. నెలసరి తడబడే ఏళ్లలో మాత్రం పెరగవు. అది దాటాక మళ్లీ పెరగడం మొదలవుతుంది. 2009లో హంస తెచ్చిన కబురు ఇది. నలునికి దమయంతి కబురు కూడా ఇంత తీపిగా ఉండదు.

ఎలా తేరుకుంటుంది, కాలువ శాశ్వతంగా ఆగాక? హగరి ఎండింది కదా అని హగరిలో నీళ్లు లేవనుకునేవాడు పొరుగూరివాడు. ఈ ఊరివాడు ఇసుకలో మోచేయి లోతు తోడి, చెలమ చేసి, బిందె ముంచుకుంటాడు. మెదడుకూ చెలమలున్నాయి. అరొమటేజ్ అక్కడా ఉంది. మెదడు తన పొట్టేలు కొమ్ములో తానే కొంచెం ఎస్ట్రాడియోల్ తోడుకుంటుంది. ఆడవాళ్లే కాదు, మీసాలు మెలేసే మా చిన్నాయన మెదడు కూడా ఆయన టెస్టోస్టిరాన్‌ను చాటుగా ఈ రాణిగా మార్చుకునే ఆధార్ జిరాక్సు గుర్తుపెట్టుకోవాలని చూస్తుంది. చూస్తుంది అనే అన్నాను. ముందుమెదడు కణాల్లో ఆ అరొమటేజ్ ఒక్కటి లేకుండా చేసిన ఎలుకల ముళ్లు, ఆడవాటికీ మగవాటికీ కూడా, పలచబడి జ్ఞాపకం దెబ్బతిన్నదని 2019లో బయటపడింది. 

మధ్యాహ్నం రెండు దాటింది. సేనలు అలిసి, తలుపు పగలగొట్టడానికి మనిషిని పిలవాలన్న సంధి ప్రతిపాదన సభలోకి వచ్చింది. అప్పుడు వసారాలో, నులకమంచం మీద, పొద్దుటి నుంచి గోడవైపు తిరిగి పడుకున్న మా జేజి, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, కాలువ ఆగి ముప్పై ఏళ్లయిన మనిషి, మెల్లగా ఇటు తిరిగింది. దవడ ఆడించింది. వక్క ముక్కను ఎడమ బుగ్గ నుంచి కుడి బుగ్గకు మార్చింది.

“సిలిండరు బండి వచ్చినప్పుడు కొర్రల డబ్బాలో ఏసి మూత పెట్టినావు గదమ్మే.”

ఇల్లు నిశ్చేష్టమైంది. చిన్నమ్మ లేచింది. వంటింటి రెండో అరలో, పచ్చ మూత డబ్బా, మూత తీస్తే బంగారు రంగు కొర్రలు గుట్టగా. అందులోకి ఆమె చేయి మణికట్టు దాకా, మోచేయి దాకా దిగింది, చెలమ తోడినట్టు. గింజలు జలజల జరిగాయి. ఇనుము తగిలింది. మరుక్షణం, రత్నగర్భ నుంచి వెలువడిన నిధిలా, పళ్ల సందుల్లో కొర్రలు ఇరుక్కుని, వెంకన్న సగం ముఖంతో సహా, సపరివారంగా తాళాలగుత్తి పైకి లేచింది. గలగల.

“పొద్దుట్నుంచి ఇల్లంతా తిరగేస్తాంటే చూస్తా పండుకున్నావే! చెప్పకూడదా అత్తా?”

జేజి మళ్లీ గోడవైపు తిరిగింది.

“నన్నెవురడిగినారు?”